టిక్కు లేని వరుస

ఆయన కూతురు ఫోను చేసేసరికి నేను మరుగుతున్న నీళ్ల గిన్నెలో థర్మామీటరు ముంచి నిలబడి ఉన్నాను. నల్లగొండ దగ్గర నేను పనిచేసే పాల ఫ్యాక్టరీకి ఆ రోజు కొత్త థర్మామీటర్లు ఆరు వచ్చాయి. కొత్తవాటిని పెట్టెలోంచి తీసి నేరుగా పైపులకు బిగిస్తే నేను ఊరుకోను. ముందు మరిగే నీళ్లలో పెట్టి చూస్తాను. "కంపెనీ సర్టిఫికెట్ ఉంది గద మేడం" అని స్టోరు కీపరు ప్రతిసారీ విసుక్కుంటాడు. సర్టిఫికెటును మరగబెట్టి చూడలేం కదా అంటాను. నాకు ఈ పిచ్చి అంటించిన మనిషి పోయాడని చెప్పడానికే ఆ ఫోను.

"నాయిన పోయిండు మేడం. పదకొండు దినాలైంది. మీ నంబరు గియ్యాల్నే దొరికింది" అన్నది కూతురు. "మీకొకటి ఇయ్యుమని చెప్పి పోయిండు. జర వచ్చి తీస్కపోండ్రి."

ఏమిటని నేను అడగలేదు. నాకు తెలుసనే అనుకున్నాను. తెలిసింది సగమేనని వెళ్లాక అర్థమైంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. మిల్లులో కూడా ఆ పేరు ఎవరి నోటా వినలేదు. సేటు నుంచి లారీ డ్రైవర్ల దాకా అందరికీ ఆయన బాయిలర్ కాకే. తెలంగాణ వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో, చేతిలో పాలిటెక్నిక్ డిప్లొమా పట్టుకుని మిర్యాలగూడ పక్కన ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో చేరాను. మాది కేతేపల్లి. మా బాపుకు గొర్ల మంద ఉండేది. బాయిలరంటే ఊక మంట మీద నీళ్లు కాగి ఆవిరయ్యే పెద్ద ఇనుప డోలనీ, ఆ ఆవిరి తొట్లలో నానిన వడ్లకు పోతుందనీ చెబితే, బాపు పడీపడీ నవ్వాడు. "గొర్లను కాయొద్దని సదివిస్తే పోయి కుండను కాస్తున్నవా బిడ్డా!" అన్నాడు. మరి ఆ కుండ పగిలితే ఏమవుతుందో బాపుకు నేను చెప్పలేదు. అప్పటికి నాకూ సరిగా తెలియదు.

మొదటి రోజు ఆయన్ను చూసినప్పుడు భక్తుడనుకున్నాను. బాయిలరు ముందుకు రాగానే చెప్పులు విడిచి గోడవారగా పెట్టి, ఉత్త కాళ్లతో ఆ వేడి గచ్చు మీద నిలబడి కాసేపు కళ్లు మూసుకున్నాడు. దండం పెడతాడేమోనని ఎదురుచూశాను. పెట్టలేదు.

"మొక్కుతున్నరా కాకా?" అని అడిగాను.

"మొక్కుడెందుకు? ఎట్ల ఉడుకుతాందో కాళ్లకు తెలుస్తది" అన్నాడు. "చెవులకు లారీల సప్పుడు అడ్డమొస్తది. కాళ్లకు రాదు."

మనిషి పొట్టి. భుజం మీద ఎర్ర తువ్వాల. జేబులో గోనెగుడ్డ అట్ట వేసిన చిన్న పుస్తకం. దాన్ని తీసే ముందు చేతులు రెండూ తువ్వాలతో తుడుచుకునేవాడు, అన్నానికి కూర్చునేటప్పుడు కూడా అంత శ్రద్ధగా తుడుచుకోడు. తనకు పని నేర్పిన పెద్దాయన చేతికిచ్చిన పుస్తకమట అది. ఆవిరి ఎంత వేడిమీద ఉంటే ఎంత ఒత్తిడి ఉంటుందో వరుసలుగా అచ్చువేసిన పట్టిక. ఇంగ్లీషు పుస్తకం. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. "అంకెలకు ఇంగ్లీషేంది, తెలుగేంది బిడ్డా" అనేవాడు.

రోజూ పొద్దున ఆయన చేసే తతంగం ఒకటుండేది. బాయిలరుకు ఒత్తిడి చూపే గేజీ ఉంటుంది, గుండ్రటి అద్దంలో ముల్లు. దాన్ని చూస్తాడు. ఆవిరి గొట్టంలో తనే పట్టుబట్టి పెట్టించుకున్న థర్మామీటరు ఒకటుంది, దానికి ఇనుప నిచ్చెనెక్కి చూస్తాడు. తర్వాత పుస్తకం తీసి వరుస మీద వేలు పెడతాడు. ముల్లు ఏడు కిలోలంటే థర్మామీటరు నూట డెబ్బై డిగ్రీలు అనాలి, పుస్తకమూ అదే అనాలి. "మూడూ ఒక్క మాట మీదికి రావాలె. రాకుంటే మూడిట్ల ఒకటి అబద్ధమాడుతున్నట్టు" అనేవాడు.

ఆ పుస్తకంలో కొన్ని వరుసలకు పక్కన పెన్సిలుతో టిక్కులుండేవి. ఆయన స్వయంగా బాయిలరు మీద చూసి, మూడూ కలిశాయని తేల్చుకున్న వరుసలవి. ఎనిమిది దాకా టిక్కులున్నాయి. మా బాయిలరును ఎనిమిదికి మించి ఎన్నడూ పోనియ్యలేదు కాబట్టి ఆ తర్వాత ఖాళీ.

"మిగతావి తప్పా కాకా?" అన్నాను.

"తప్పని ఎవలన్నరు? నేను చూడలే. చూడనిదానికి సాక్ష్యం చెప్పుమంటవా?"

అచ్చయిన పుస్తకానికి ఈయన సాక్ష్యమేమిటని నాకు లోపల నవ్వొచ్చింది. డిప్లొమా కొత్తలో నవ్వులు అలాగే వస్తాయి.

ఆయన నోట్లో ఎప్పుడూ రెండు ప్రశ్నలుండేవి. ఎవరే అంకె చెప్పినా, "ఎవలు చెప్పిన్రు? ఏడికెళ్లి కొలిచిన్రు?" అనేవాడు, ఎక్కడి నుంచి కొలిచారని. ఇయ్యాల ఎండ నలభై నాలుగట అని గేటు దగ్గర టీ పెట్టే బుచ్చమ్మ అంటే, "ఎవలు చెప్పిన్రు? నీడల పెట్టి చూసిన్రా, ఎండల పెట్టి చూసిన్రా?" అనేవాడు. బుచ్చమ్మ, "నీ పెండ్లికి ముహూర్తం గిట్లనే అడిగినవా?" అని దెప్పేది. ఆయన నవ్వేవాడు కాదు. ఒకసారి నాకు విడమరిచి చెప్పాడు. వాళ్ల ఊళ్లో ఇద్దరన్నదమ్ములు ఒకే బావి లోతు మీద జుట్లు పట్టుకున్నారట. ఒకడు పది గజాలంటాడు, ఒకడు పదకొండంటాడు. చివరికి చూస్తే ఒకడు నేల మీది నుంచి కొలిచాడు, ఇంకొకడు బావి చుట్టూ కట్టిన గోడ మీది నుంచి. "ఇద్దరూ అబద్ధం చెప్పలే. ఏడికెళ్లి కొలిచిన్రో చెప్పలే, గంతే" అన్నాడు. నేను తలాడించాను. చాలా విషయాలకు అప్పట్లో అలాగే తలాడించేదాన్ని.

అది యాసంగి కోతలై వడ్లు మిల్లు మీద విరుచుకుపడే కాలం. ఆయన మనవరాలి చీరకట్టు ఫంక్షనుకని రెండు రోజులు సెలవు పెట్టాడు. పోయేముందు రిజిస్టరు నా చేతిలో పెట్టి, "గంటగంటకు చూసి రాయి బిడ్డా. ముల్లు ఒక గడిల, థర్మామీటరు ఒక గడిల" అన్నాడు.

ఆయన తిరిగొచ్చేలోపు మూడు పనులు జరిగాయి. ముల్లున్న గేజీ అద్దం పగిలితే సేటు బజారు నుంచి కొత్త గేజీ తెప్పించి పెట్టించాడు. బాయిలరు మీద సేఫ్టీ వాల్వు ఉంటుంది, ఒత్తిడి మీరితే దానంతట అదే తెరుచుకుని ఆవిరి వదిలేది. అది వారం రోజులుగా సన్నగా బుసకొడుతోంది. ఆవిరి వృథా పోతోందని సేటు ఒక ఫిట్టరుతో దాన్ని బిగదీయించాడు. ఈ రెండూ వాళ్లు చేసినవి.

మూడోది నేను చేసింది. మొదటి రోజు రెండు గంటలు బుద్ధిగా నిచ్చెనెక్కాను. చేతులు కాలాయి, దుపట్టా మసయింది. తర్వాత ఒక తెలివైన ఆలోచన వచ్చింది. ముల్లు ఏడంటోంది. ఏడుకు నూట డెబ్బై అని పుస్తకంలోనే ఉంది. టిక్కు కూడా ఉంది. ఇక ఎక్కడం దేనికి? కిందే నిలబడి ముల్లు చూసి ఏడు రాశాను, దాని పక్కన నూట డెబ్బై రాశాను. మూడో రోజు పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా అట్లా ఏడు వరుసలు రాశాను. ఏ ఒక్క వరుసకూ నిచ్చెన ముట్టుకోలేదు.

రెండు దాటాక ఆయన బస్సు దిగి నేరుగా వచ్చాడు. ఫంక్షనులో పెట్టిన కొత్త తువ్వాల ఇంకా మడతలతోనే భుజం మీద ఉంది. బయట గచ్చు మీద ముప్ఫై మంది ఆడవాళ్లు ఆరబోసిన వడ్లలో కాళ్లతో చాళ్లు తీస్తున్నారు. తొట్లలో వడ్లు నానడం ఆలస్యమై, ఆవిరి పోయే వాల్వు పొద్దుటి నుంచి దాదాపు మూసే ఉంది. ముల్లు ఏడు దాటలేదు కదా అని ఊక పోసే బీహారు మనిషి పోస్తూనే ఉన్నాడు.

ఆయన చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఎప్పుడూ నిలబడే దానికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. కళ్లు తెరిచి కొత్త గేజీ వైపు చూశాడు.

"గీ ముల్లు ఎవలు పెట్టిన్రు?"

సేటు తెప్పించాడని చెప్పాను. గోటితో అద్దం మీద తట్టాడు. ముల్లు కదలలేదు. తల పైకెత్తి సేఫ్టీ వాల్వు వైపు చూశాడు. "నట్టు మీద పానా గీతలున్నయి" అన్నాడు తనలో తాను. తర్వాత రిజిస్టరు అడిగాడు. తువ్వాలతో చేతులు తుడుచుకుని, నా వరుసల మీద పై నుంచి కిందికి వేలు జరిపాడు. నూట డెబ్బై, నూట డెబ్బై, నూట డెబ్బై.

"గిది నువ్వు చూసి రాసినవా బిడ్డా, పుస్తకం చూసి రాసినవా?"



"చూసే రాసిన కాకా."

ఆయన ఆ వయసులో, ఆ వేడిలో నిచ్చెనెక్కాడు. అద్దానికి కళ్లు ఆనించినంత పని చేసి, చాలాసేపు చూసి, ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు.

"నూటెనభై నాలుగు" అన్నాడు మెల్లగా. నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నాకు బాగుండేది.

పుస్తకం తెరిచాడు. వేలు టిక్కులన్నీ దాటి కిందికి పోయి, టిక్కు లేని ఒక వరుస దగ్గర ఆగింది. నూటెనభై నాలుగుకు పది.

అంతలో సేటు వచ్చాడు. చెడ్డవాడని చెప్పను. వడ్లు తడిస్తే అన్నం మానేసే మనిషి, అంతే. నాలుగు తొట్లలో వడ్లు నాని ఉన్నాయి. ఆవిరి అందకపోతే తెల్లారేసరికి కంపు కొడతాయి. ఆయన కళ్లకు ఆ నాలుగు తొట్లే కనబడుతున్నాయి.

"మంట ఆపాలె సేటు. ఎంటనే" అన్నాడు కాకా.

"ముల్లు ఏడున్నది గద! కొత్త గేజీ అది. నీ థర్మామీటరే ఎప్పటిదో. అది తప్పు చూపెడ్తాందేమో?"

అప్పుడు నేనన్న మాట ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. "అవును సేటు, థర్మామీటరే ఖరాబైనట్టుంది" అన్నాను. నా నూట డెబ్బైలను కాపాడుకోవడానికి నాకు ఆ థర్మామీటరు చెడిపోయి ఉండటం అవసరమైంది.

కాకా పైకెక్కి థర్మామీటరు ఊడదీసి, పాత గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "పోయి నీళ్లను అడిగి రా. అవి ఎవల దిక్కు మాట్లాడయి. మన జాగల నూరుకు జర తక్కువ ఉండాలె."

గేటు దగ్గరికి పరుగెత్తాను. బుచ్చమ్మ పొయ్యి మీద గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. థర్మామీటరు ముంచాను.

"ఏందమ్మా, నా చాయకు జెరమొచ్చిందా?" అన్నది బుచ్చమ్మ.

పాదరసం వెండిగీత దిగుతూ వచ్చింది. నూట ఇరవై, నూట పది. తప్పు చూపించు తల్లీ, తప్పు చూపించు అని మనసులో వేడుకున్నాను. తొంభై తొమ్మిదిన్నర దగ్గర నిలబడింది. నిలబడి ఇక కదల్లేదు. నూటపది చూపిందని చెబితే అడిగేవాళ్లెవరూ లేరు. చదివింది నేనొక్కదాన్నే. ఆ మాట ఒక్క క్షణం నాలుక చివరి దాకా వచ్చింది. తల తిప్పితే గచ్చు మీద ఆడవాళ్లు. ఒకామె వడ్లలో చాలు తీస్తూ చివరి దాకా పోయి, బాయిలరు గోడను చేత్తో తాకి, వెనక్కి తిరిగింది. రోజుకు వందసార్లు అట్లా తాకి తిరుగుతారు. ఆ రోజే నేను చూశాను.

వెనక్కి వచ్చి చెప్పాను. "సరిగ్గనే ఉంది కాకా. తొంబై తొమ్మిదిన్నర."

ఆయన తల ఊపి మళ్లీ ఎక్కి దాన్ని గొట్టంలో పెట్టాడు. సేటుకు చెమటలు పడుతున్నా పట్టు వదల్లేదు. "పుస్తకమన్న సరైనదేనా? మేడం, నీ ఫోన్ల చూడు" అన్నాడు.

వెతికాను. పట్టిక దొరికింది. నూటెనభై నాలుగుకు పదకొండు అని ఉంది. చదివాను. సేటు మొహం వెలిగింది.

"సూడు! ముల్లు ఏడంటది, పుస్తకం పదంటది, ఫోను పదకొండంటది. మూడు నోర్లు, మూడు మాటలు. దేన్ని నమ్మాలె?"

కాకా నా వైపు తిరిగాడు. "గా ఫోన్ల ఉన్నది ఏడికెళ్లి కొలిచిన్రట బిడ్డా?"

నాకు తెలియదు. తెలియదని చెబితే సరిపోయేది. "దునియంత గదే చూస్తది కాకా. మీ పుస్తకమే పాతది" అన్నాను.

ఆయన మొహంలో ఏదో చిన్నగా ముడుచుకుంది. అయినా సేటుతోనే మాట్లాడాడు. "పదైనా పదకొండైనా, ఏడైతే కాదు గద సేటు."

"నువ్వు ఎన్నడన్న పది చూసినవా? నీ పుస్తకంల టిక్కున్నదా గా వరుసకు?"

"లేదు సేటు. చూడలే."

"మరి?"

కాకా పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. "చూసి టిక్కు పెడ్దామంటే, పెట్టెతందుకు మనిషి మిగులాలె గద."

ఇక ఎవరినీ అడగలేదు. ఊక పోసే మనిషి చేతిలో పార లాక్కున్నాడు. మంటకు గాలి కొట్టే పంకా ఆపాడు. గేటు వైపు తిరిగి, నేను ఎన్నడూ వినని గొంతుతో అరిచాడు. "బుచ్చమ్మా! ఆడోళ్లందర్ని గేటు అవుతలికి తీస్కపో! చెప్పులు గిప్పులు ఏరుకోవద్దు, నడువుండ్రి!" బుచ్చమ్మ ఎందుకని అడగలేదు. మనుషులు కదిలిన చప్పుడు వినబడింది.

తర్వాత నన్ను పిలిచాడు. "నా కండ్లకు గా గీతలు ఆనయి. నువ్వు నిచ్చెనెక్కు. నేను వాల్వు తిప్పుత, నువ్వు గట్టిగ చదువు." ఒక్క క్షణం ఆగి, "ఉన్నదే చదువు" అన్నాడు.

ఎక్కాను. బాయిలరు ఒంటి నుంచి సన్నటి వణుకు నిచ్చెన గుండా నా అరికాళ్లకు ఎక్కుతోంది. ఆయన కాళ్లకు తెలిసిందేమిటో అప్పుడు నాకు తెలిసింది.

"నూటెనభై నాలుగు!"

ఆవిరి ఖాళీ తొట్టిలోకి పోయే వాల్వు చక్రం ఆయన చేతుల్లో ఉంది. ఒక్కసారిగా తిప్పితే మొత్తం ఎగిరిపోతుందేమోనన్నట్టు, వేలెడు వేలెడు తిప్పాడు.

"నూటెనభై ఐదు! కాకా, పెరుగుతాంది!"

"పెరుగుతది. మంట ఇంకా సావలే. చదువు."

"నూటెనభై ఆరు."

తొట్టి వైపు నుంచి ఆవిరి గర్జన మొదలైంది. షెడ్డంతా తెల్లబడింది. నేను అద్దాన్ని దుపట్టాతో తుడుస్తూ చదువుతున్నాను. నూటెనభై ఆరు. నూటెనభై ఆరు. ఎంతసేపు అదే అంకె చదివానో చెప్పలేను. దిగి పారిపోవాలని ఉంది. కింద ఆ పొట్టి మనిషి నా గొంతు కోసం చెవి పెట్టి నిలబడ్డాడు. దిగలేదు.

"నూటెనభై మూడు!"

"సేటూ! ముల్లెంత?" కాకా అరిచాడు.

"ఏడు" అన్నాడు సేటు గోడవతల నుంచి తొంగిచూస్తూ.

"బిడ్డా?"

"నూట డెబ్బై ఎనిమిది!"

"సేటూ?"

"ఏడే."

"బిడ్డా?"

"నూట అరవై!"

సేటు ఈసారి అడక్కముందే చెప్పాడు. గొంతు పీలగా వచ్చింది. "ఏడే ఉన్నది కాకా."

ఆవిరి మొత్తం సద్దుమణిగి, నేను నూరు కన్నా కిందికి చదివినప్పుడు కూడా ఆ కొత్త ముల్లు ఏడు మీదే ఉంది. బజారు నుంచి వచ్చిన నాటి నుంచో, ఎప్పటి నుంచో, అది అక్కడే ఇరుక్కుపోయి ఉంది. కాకా దాని వైపు చూడనైనా చూడలేదు. పానా తీసుకుని పైకెక్కి సేఫ్టీ వాల్వు నట్టు వదులు చేసి దిగాడు. చెప్పులు వేసుకున్నాడు. చక్రం తిప్పిన అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. బుచ్చమ్మ చల్లటి నీళ్ల చెంబు తెచ్చి వాటి మీద పోస్తూ, "ఇయ్యాల గూడ ఎవలు చెప్పిన్రని అడిగినవా?" అంది. దానికి మాత్రం నవ్వాడు.

కథ ఇక్కడ ఆగితే ఆయన్ను మెచ్చుకుని పంపేయవచ్చు. అలా జరగలేదు. నాలుగు తొట్ల వడ్లూ కంపు కొట్టాయి. మిల్లులో వాటాలున్నవాళ్లు వచ్చి కూర్చున్నారు. సేటు వాల్వు బిగదీయించిన మాటా, ముల్లు ఇరుక్కున్న మాటా బయటికి రాకూడదంటే, తప్పు కాకా మీదికే పోవాలి. ఆ రోజు రిజిస్టరు తెమ్మన్నారు. తెచ్చి తెరిస్తే ఆ రోజు కాగితం లేదు. ఎవరో నీటుగా చింపేశారు.

ఆ కాగితం మీద ఏముందో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. పొద్దుటి నుంచి థర్మామీటరు నూట డెబ్బై దగ్గరే ఉందని నా చేతి రాత. అది ఉంటే, అంతా బాగానే ఉన్న బాయిలరును ముసలాయన భయపడి ఆపేశాడని వాళ్లు తేల్చేవారు. కాదని నిరూపించాలంటే ఆయన ఒక్క మాట అనాలి. ఈ పిల్ల చూడకుండా రాసింది అని.

"కాయితం ఏమైంది?" అని అడిగారు.

"నేనే చింపిన" అన్నాడు కాకా.

"ఎందుకు?"

ఆయన భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. దాచేదేదో ఉంటేనే చింపుతారన్నారు. రేపటి నుంచి రావద్దన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా ఉద్యోగం నిలిచింది. మరో ఎనిమిది నెలలు ఆ బాయిలరు దగ్గరే పనిచేశాను. రోజుకు ఎన్ని గంటలుంటే అన్నిసార్లు నిచ్చెనెక్కాను. ఎక్కినంత మాత్రాన ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

మూడేళ్ల తర్వాత ఒక్కసారి మిర్యాలగూడ బస్టాండులో కనబడ్డాడు. బాగా చిక్కిపోయాడు. పక్కన కూర్చుని, ఫోను పట్టిక గురించి చెప్పాను. అప్పటికి నేర్చుకున్నాను. మన మీద ఎప్పుడూ గాలి బరువు ఒకటి ఉంటుంది. గేజీ దాన్ని వదిలేసి కొలుస్తుంది, ఆయన పుస్తకమూ అంతే. నా ఫోను ఇంచుమించు ఒకటుండే ఆ బరువును కలిపి కొలిచింది. అందుకే అక్కడ పది, ఇక్కడ పదకొండు.

"మీదీ తప్పు కాదు కాకా, నాదీ తప్పు కాదు" అన్నాను.

ఆయన కళ్లు మెరిశాయి. "ఒకటి నేల మీదికెళ్లి, ఒకటి గోడ మీదికెళ్లి!" అని తొడ చరుచుకున్నాడు. బావి కథ నేను మరిచిపోలేదని సంబరపడ్డాడు. అసలు చెప్పాల్సింది అది కాదని నాకు తెలుసు. నూట డెబ్బైల సంగతి నేనింకా ఎత్తనే లేదు. బస్సు వచ్చింది. నేను లేచాను.

"ఇప్పుడు చూసి రాస్తున్నవా బిడ్డా?" అన్నాడు.

"చూసే రాస్తున్న కాకా."

"మంచిది" అన్నాడు. ఆయనకు అన్నీ తెలుసు. నేను చెప్పడానికే చోటిచ్చాడు, నేను బస్సెక్కాను. ఆ పిరికితనానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

కూతురింటికి వెళ్తే గోడకు ఆయన ఫోటో ఉంది, ఎర్ర తువ్వాలతో. ఆమె పెట్టె తెరిచి గోనెగుడ్డ అట్ట పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. తెరిచే ముందు చేతులు తుడుచుకున్నాను. టిక్కులు ఎనిమిది దగ్గరే ఆగి ఉన్నాయి. పది వరుసకు ఇప్పటికీ టిక్కు లేదు. ముల్లు పది మీద ఉండగా ఆయన ఎన్నడూ చూడలేదు కాబట్టి పెట్టలేదు. దాని పక్కన మాత్రం పెన్సిలుతో, కూడబలుక్కుని రాసిన పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో ఉంది. "గాలితోని 11. బిడ్డ చెప్పింది."

ఆ పేజీలోనే ఒక కాగితం నాలుగు మడతలు వేసి ఉంది. విప్పకముందే తెలిసింది. నా చేతిరాత. ఎనిమిది గంటలకు నూట డెబ్బై, తొమ్మిదికి నూట డెబ్బై, అట్లా రెండు దాకా ఏడు వరుసలు. ఒక్కదానికీ టిక్కు లేదు. వాటి కింద ఎనిమిదో వరుస నేను రాసింది కాదు, ఆయన రాసింది. ముల్లు గడి ఖాళీగా వదిలేశాడు. థర్మామీటరు గడిలో 184. పక్కన టిక్కు. ఆ పక్కన, "చూసింది బిడ్డ."

కూతురు నీళ్ల గ్లాసు తెచ్చి ఎదురుగా కూర్చుంది.

"గా కాయితం దేనిది మేడం? నాయిన మస్తు జాగ్రత్త చేసిండు. ఎవల్ని ముట్టుకోనియ్యకపోయేటోడు."

"గిది నాదే అక్కా" అన్నాను. "ఎనిమిది వరుసలున్నయి. ఏడు నేను రాసినయి. ఒక్కటే నేను చూసింది."